పిండి డబ్బాలో పిస్తోలు

ఆ పిస్తోలు మా వంటింట్లోకి పట్టపగలే వచ్చింది, రొట్టెల సంచిలో, రొట్టెల కింద. డ్రైవరన్న సంచిని గట్టు మీద పెట్టి, "చెల్లాయ్, రొట్టెలు పైనుంచి తీసుకో. అడుగునున్నది మాత్రం కాస్త చూసి తియ్యి" అన్నాడు. పాలపొడి డబ్బా దొరికిందేమో అనుకున్నాను. పాలపొడి అయితే ఎంత బాగుండేదో. టీలో పాలు లేవని ఇంటి ముసలామె పెద్ద మామా పొద్దున లేస్తే నన్నే తిడుతోంది, పాలు నేనే తాగేసినట్టు.

ఆ అరబ్బు దేశంలో, జహ్రా అనే ఊళ్లోని ఆ ఇంట్లో అప్పటికి ముగ్గురమే మిగిలాం. కడప నుంచి వచ్చి ఇంటిపని చేసే నేను. కోనసీమ నుంచి వచ్చి కారు నడిపే డ్రైవరన్న. మా యజమాని కఫీల్‌ను కన్న తల్లి పెద్ద మామా. కఫీల్, ఆయన భార్య, పిల్లలు ఏటా పోయినట్టే ఎండలు తప్పించుకోవడానికి విమానమెక్కారు. ముసలామెకు విమానం పడదని మా ఇద్దరికీ అప్పగించి పోయారు. వాళ్లు అటు పోయాక ఇటు ఇరాక్ సైన్యం వచ్చింది. మా పాస్‌పోర్టులు కఫీల్ గదిలో ఇనప్పెట్టెలో ఉన్నాయి. దాని తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఆయన ఎక్కడో చల్లటి ఊళ్లో ఉన్నాడు. మనవాళ్లు బస్సులెక్కి జోర్డాన్ దారి పట్టారని వింటూనే, మేము ముసలామెకు వేళకు మాత్రలు వేస్తూ కూర్చున్నాం.

భయమేయలేదా అని ఇప్పటికీ అడుగుతారు. మొదట్లో వేసింది. ఆ తర్వాత అదీ పోయింది. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో మనసు అలా తయారయింది. గుచ్చితే తెలుస్తుంది గాని నొప్పి ఉండదు. వీధి చివర ట్యాంకు నిలబడి ఉంటే దాని పక్కనుంచే చెత్త పారేసి వచ్చేదాన్ని. ధైర్యం అనుకునేరు, ధైర్యం కాదు.

పిస్తోలు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. వెనక వీధి ఇంట్లో శ్రీలంక అమ్మాయి ఒకతి పనిచేసేది. గోడ మీంచి పుదీనా ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఒక పూట ఆ ఇంటికి సైనికులు సోదా అని వచ్చారు. మగవాళ్లెవరూ లేని ఇల్లు అది. వాళ్లు వెళ్లిపోయాక ఆ అమ్మాయి మళ్లీ గోడ దగ్గరికి రాలేదు. నేను రెండుసార్లు పిలిచాను. లోపలినుంచి నీళ్ల చప్పుడు వినబడింది, అంతే. పొద్దంతా కొళాయి పారుతూనే ఉంది. డ్రైవరన్నకూ ఆ చప్పుడు వినబడింది. ఆ తర్వాతే ఆయన సబ్హాన్ అనే చోటికి వెళ్లి వచ్చాడు.

సబ్హాన్ షెడ్లలో డ్రైవరన్న వాళ్ల ఊరి మనిషి ఒకడు కాపలా ఉండేవాడు. ఆకలితో ఉన్న ఇరాకీ సైనికులు అక్కడికి ఏవేవో తెచ్చి తిండికి మార్చుకునేవారట. టీవీలు, గడియారాలు, తివాచీలు, తుపాకులు. డ్రైవరన్న మా ఇంట్లోని చేపల డబ్బాలు, ఒక పెట్టె సిగరెట్లు ఇచ్చి దీన్ని తెచ్చాడు. ఎవరి ఇంట్లోంచి లాక్కొచ్చిన వస్తువో అది.

"ఇంకా పెద్దవి కూడా ఉన్నాయి చెల్లాయ్. మూరెడు పొడుగున్నది కూడా చూపించేడు. దాన్నెక్కడ దాత్తాం? ఇదైతే గుప్పెడంత. అలాగని ఆటబొమ్మ కాదు. ఆసాంతం ఉక్కే. రేకు లేదు, ప్లాస్టిక్కు లేదు. మన తర్వాత కూడా మన్నుద్ది."

"మన తర్వాత దాంతో మనకేం పనిన్నా?" అన్నాను.

ఆయన నవ్వాడు. గోదావరి వాళ్లకు ఏ వస్తువు కొన్నా దాని గొప్ప చెప్పకపోతే అన్నం సహించదు. అరటిగెల తెచ్చినా అంతే, పిస్తోలు తెచ్చినా అంతే.

చూద్దాం అనుకున్నాం. పెట్టుకోవాలా, తీసుకెళ్లి ఇసుకలో పారేయాలా అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో ఆయుధం దొరికితే ఆ ఇంటి మగవాణ్ణి గేటు ముందే నిలబెట్టి కాల్చేస్తున్నారు. ఇది అందరికీ తెలిసిన సంగతి. ఇంట్లో ఏమీ లేకపోతే ఏమవుతుందో వెనక వీధి కొళాయి చెబుతోంది. ఈ రెండింటి మధ్యనే మా లెక్క. పెట్టుకుంటే పోయేది ఆయన, పెట్టుకోకపోతే పోయేది నేను. టీ పెట్టుకుని, గట్టు మీద పాత దినపత్రిక పరిచి, దాని మీద పిస్తోలును పెట్టి, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లలా చెరోవైపు కూర్చున్నాం.

ముందు బరువు చూశాను. ఆ చిన్న ఆకారానికి అంత బరువు ఉంటుందనుకోలేదు. చేతిలోకి తీసుకోగానే మణికట్టు కిందికి వాలింది. బరువు ఉంటేనే మంచిదని, పేలినప్పుడు చెయ్యి ఎగరదని సబ్హాన్ కాపలావాడు చెప్పాడట. గిన్నెలు కొనేటప్పుడు చేసినట్టే వేలితో అంచులన్నీ తడిమాను. ఎక్కడా గీసుకోలేదు, గుడ్డకు తగులుకునే మూల ఒక్కటీ లేదు. నడుము దగ్గర దోపుకుంటే పైనున్న నల్లటి అబాయా అంగీలోంచి కనబడదు. ఇవి బాగున్నాయి. పిడి మాత్రం పొట్టిది. ఆయన పట్టుకుంటే చిటికెనవేలికి చోటు లేక గాలిలో వేలాడింది. నా చెయ్యి దానికి సరిగ్గా సరిపోయింది.

"నీ కోసమే చేసినట్టుంది" అన్నాడు.

"నా కోసం ఇంతవరకు ఎవురూ ఏమీ చేయించలేదు లేన్నా, మొదట ఇదేనా?" అన్నాను.

గురి చూసుకోవడానికి పైన గీసిన గుర్తు మరీ సన్నగా ఉంది. వంటింటి వెలుతురులోనే సరిగ్గా కనబడలేదు. ఇల్లు దాటి కాల్చే పని మాకు లేదు కదా, గది ఇవతలనుంచి అవతలికి చాలు, అదొక లోపం కాదులే అని సరిపెట్టుకున్నాం. గుళ్లు తక్కువ పడతాయి. అంతకంటే ఎక్కువమంది వస్తే ఎన్ని పట్టినా ఒకటే అన్నాడు ఆయన. గడుసుగా బేరమాడే ఇద్దరం, లోపం కనబడినప్పుడల్లా దాని తరఫున మేమే వకాల్తా పుచ్చుకున్నాం.

అసలు చిక్కు పై రేకు దగ్గర వచ్చింది. రేకు అంటున్నాను గాని అదీ ఉక్కే. దాన్ని వెనక్కి లాగి వదిలితేనే గుండు లోపలికి ఎక్కుతుంది. ఎంత లాగినా నాకు రాలేదు. బట్టలు పిండి, రొట్టెల పిండి పిసికి కాయలు కాచిన చేతులు నావి, అయినా రాలేదు. గుళ్లు తీసేసి ఆయన నేర్పించాడు. చేత్తో లాగకు, రేకును గట్టిగా పట్టుకుని పిడిని ముందుకు తొయ్యి అన్నాడు. అలా చేస్తే వచ్చింది. వచ్చి, ముందుకు పోతూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని కొరికింది. రక్తం చూసి ఆయన కంగారుపడి పసుపు డబ్బా తెచ్చాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. కోడలు అడిగితే కత్తిపీట అని చెప్పాను.

దాచడానికి పిండి డబ్బా ఎంచుకున్నాం. మంచి గుడ్డలో చుట్టి పిండి అడుగున పెట్టాను. వారం తిరగకుండానే రేకు మళ్లీ బిగుసుకుంది. గుడ్డలోంచి పిండి దూరి, నేను పూసిన కుట్టు మిషన్ నూనెతో కలిసి లోపల ముద్ద కట్టింది. పళ్లు తోముకునే బ్రష్‌తో ఆ పిండంతా గీకుతూ కూర్చున్నాను. ఆ పని చేస్తున్నప్పుడు పెద్ద మామా కర్ర ఊతంతో వంటింట్లోకి వచ్చింది. దాచే వ్యవధి లేదు. ఆమె చెయ్యి చాపింది, ఇచ్చాను.

వాళ్ల నాన్న కాలంలో వాళ్లు ఎడారిలో గుడారాల్లో ఉన్నవాళ్లట. ఆమె దాన్ని తిప్పి చూసింది, గుళ్ల అర ఊడదీసింది, రేకును ఒక్కసారి లాగి వదిలింది. ఆ వయసులో అంత సులువుగా ఎలా లాగిందో. చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నది. తర్వాత నా చేతిలో పెట్టి అరబ్బీలో అంది. "మంచిదే. పనిచేస్తుంది. మీ ఇద్దరి సంగతే నాకు తెలియదు."

టీలో పాలు లేవని తిట్టే మనిషి, దీన్ని పారేయమని మాత్రం అనలేదు. దాంతో మా పరీక్ష అయిపోయింది. పెట్టుకుందాం అనుకున్నాం. ఆ రోజునుంచి నేను కాస్త నిద్రపోయాను. నిద్ర పట్టిందంటే మనసు కుదుటపడిందని కాదు. పిండి డబ్బా వైపు తల పెట్టి పడుకునేదాన్ని, అంతే.

ఇంతలో దసరా వచ్చింది. వచ్చిందని చెప్పింది ఆయనే. జమియా దుకాణం దగ్గర రొట్టెల వరుసలో ఎవరో తెలుగువాళ్లు అనుకుంటుంటే విన్నాడట. "చెల్లాయ్, రేపు ఆయుధ పూజ. బండికి బొట్టు పెట్టకుండా నేనెప్పుడూ ఉండలేదు. పెద్ద మామాగారి ఎదురుగానే పెట్టేవోణ్ణి. ఏమనేది కాదు" అన్నాడు.

నాకూ ఉత్సాహం వచ్చింది, నిజం చెప్పాలి. చాలా రోజుల తర్వాత చెయ్యడానికి సోదాలతో, రొట్టెలతో సంబంధం లేని పని ఒకటి దొరికింది. నా గదిలో గోడకు అమ్మవారి పటం ఉంది, తలుపు వెనక, తలుపు మూస్తేనే కనబడేట్టు. దాని పక్కగా, తలుపుకు అడ్డం రాకుండా పీట వేసి, ఉతికిన తువ్వాలు పరిచి, బియ్యం పోశాను. దాని మీద వంటింటి కత్తి, కుట్టు మిషన్ కత్తెర, ఇస్త్రీ పెట్టె, ఆయన స్పానర్లు, కారు తాళంచెవి. అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను.

పిస్తోలు సంగతి ఇద్దరిలో ఎవరు ముందు ఎత్తామో నాకు గుర్తు లేదు. ఆయుధ పూజ అంటూ ఇస్త్రీ పెట్టెకు బొట్టు పెట్టి, అసలు ఆయుధాన్ని పిండిలో వదిలేయడం ఇద్దరికీ తప్పుగానే తోచింది. డబ్బాలోంచి తీసింది ఆయన. పిండి దులిపి, పసుపు రాసి, పిడికి రెండు వైపులా బొట్టు పెట్టింది నేను. బియ్యం మీద మధ్యలో పెట్టాం. అందంగా ఉంది.

పూజలో పెట్టినదాన్ని ఆ రోజు కదిలించరు. మా ఇంట్లో అంతే, వాళ్ల ఇంట్లోనూ అంతే. మర్నాడు దశమి పూట హారతి ఇచ్చాకే తీసి వాడుకోవాలి. మా నాన్న ఆ రోజు నాగలిని తాకనిచ్చేవాడు కాదు, అమ్మ కత్తిపీట పూజలో పెట్టి చేత్తో తుంచిన కూరలే వండేది. కాబట్టి కత్తి లేకుండా వండాను. కారు తియ్యకుండా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పిస్తోలును మళ్లీ పిండి డబ్బాలో పెడదామని ఇద్దరం అనుకోలేదు. ఎవరికీ తట్టలేదు. ఇన్ని రోజులు సోదాలకు భయపడి దాచినవాళ్లం, ఆ ఒక్కరోజు దాన్ని బొట్లు పెట్టి పీట మీద కూర్చోబెట్టాం.

కారు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు ఎక్కడా దొరకలేదు. వాళ్ల వంటల్లో వేసే లూమి ఉంటుంది, ఎండబెట్టిన నల్లటి నిమ్మకాయ. అవే నాలుగు తీసి ఇచ్చాను. "అమ్మవారికి ఎండువైనా నిమ్మకాయలే కదా" అంటూ ఆయన చక్రాలకు ముందు ఒక్కోటి పెట్టాడు. మర్నాడు పొద్దున బండి తీసినప్పుడు చితకాలి.

పెద్ద మామా నా గది గుమ్మం లోపలికి వచ్చి, తలుపు కాస్త వెనక్కి లాగి చూసింది. పటాన్ని చూసి మొహం తిప్పుకుంది, పిస్తోలును చూసి మళ్లీ ఇటు తిప్పింది. "బింతి, నా బిడ్డా, దాన్ని తియ్యి" అంది. "రేపు తీస్తాను మామా" అన్నాను. ఆమె తల ఊపుకుంటూ పోయింది.

మధ్యాహ్నం నమాజు పిలుపు అయిపోయిన కాసేపటికి గేటు బాదారు.

ఆయన గేటు తియ్యడానికి వెళ్లాడు. నేను వంటింట్లో ఉన్నాను, చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఈ పాత్ర కడిగేశాక వెళ్దాం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. కడిగి బోర్లించాను. వెనక పెద్ద మామా కర్ర చప్పుడు నడవాలో అటు పోవడం, ఇటు రావడం వినబడింది. ఏమిటా అని కూడా చూడలేదు.

లోపలికి వచ్చింది నలుగురు. అందులో ఒకతను అధికారి, గడ్డం నున్నగా గీసుకుని మర్యాదగా ఉన్నాడు. అలమరాలు తీయించారు, పరుపులు ఎత్తారు. నా గదికి వచ్చేసరికి నేను గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాను. తలుపు తోశారు, తలుపు వెనకనున్న పటం కనబడలేదు. పీట కనబడింది. కత్తి ఉంది, కత్తెర ఉంది, ఇస్త్రీ పెట్టె ఉంది. మధ్యలో బియ్యం మీద పిస్తోలు లేదు. అది పడుకున్న గుంట మాత్రం ఉంది, పిడి వంపుతో సహా. దాన్ని చూసి ఒకడు ఇదేమిటని అడిగాడు. మా పండగ అని చెప్పాను. నా గొంతు మామూలుగానే ఉంది. వాడు గిన్నెలోని కుంకుమలో వేలు ముంచి, వాసన చూసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

హాల్లో పెద్ద మామా గోడకు ఆనుకుని తన పరుపు మీద కూర్చుని ఉంది. కాళ్ల మీద దుప్పటి, ఒళ్లో జపమాల. అధికారి వంగి ఆమెకు సలాం చెప్పాడు. చెయ్యి చూసి, ఏమిటీ ఎరుపు అన్నాడు. నేనూ అప్పుడే చూశాను. అరచెయ్యంతా పసుపు, వేళ్ల కొసలు ఎర్రగా. పటం వైపు కన్నెత్తి చూడని మనిషి.

"హిన్నా" అంది ఆమె, గోరింటాకు అని. "ముసలిదాన్ని, హిన్నా పెట్టుకోకూడదా?"

అతను నవ్వాడు. ఆమెను లేవమని అనలేదు. పిస్తోలు ఎక్కడుందో నాకు తెలిసింది. గుళ్లు ఎక్కించే ఉంది. రేకు నున్నగా జరుగుతోంది, పొద్దునే చూశాను.

ఇక వెళ్లిపోతారు అనుకున్నాం. అధికారి వాకిట్లో కారు చుట్టూ తిరిగాడు. నంబరు ప్లేటు ఇంకా పాతదే ఉంది, కొత్త ఇరాకీ ప్లేటు ఎందుకు వేయించలేదని అడిగాడు. మామా వద్దంటే మేమిద్దరమూ మానుకున్నాం. డ్రైవరన్న ఏదో చెప్పబోయాడు. కారు కావాలన్నాడు అధికారి. తాళంచెవి పూజలో ఉంది, రేపు ఇస్తాను సార్ అని హిందీలో అన్నాడు డ్రైవరన్న. అతనికి హిందీ ఏం అర్థమైందో గాని, ఒక సైనికుడు నేరుగా నా గదిలోకి పోయి బొట్టు పెట్టిన తాళంచెవి తెచ్చాడు. తెచ్చి దాన్ని ఆయన చేతిలోనే పెట్టాడు. నువ్వే నడుపు అన్నారు.

ముగ్గురు వెనక కూర్చున్నారు, అధికారి ముందు కూర్చున్నాడు. డ్రైవరన్న చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, బయటికి పోయేటప్పుడు ఎప్పుడూ పెట్టుకున్నట్టే. కిటికీలోంచి నన్ను చూసి, "చెల్లాయ్, నాకూ అన్నం ఉంచు. దింపేసి వచ్చేత్తాను" అన్నాడు.

"ఉంచుతాలేన్నా" అన్నాను.

హాల్లో పెద్ద మామా కూర్చునే ఉంది. తలుపు తెరిచే ఉంది. కారు ఆమెకు ఎదురుగానే ఉంది, ఒక గది అంత దూరం. మేము వంటింట్లో కూర్చుని అనుకున్న దూరం సరిగ్గా అంతే. ఆమె నావైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం ఏమీ చెయ్యలేదు. కారు కదిలింది. చక్రాల కింద ఎండు నిమ్మకాయలు టపటపమని పగిలాయి. అన్నీ పగిలాయా అని నేను నేల వైపే చూస్తున్నాను. నల్లటి పెంకులు, రసం లేదు. తల ఎత్తేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

అన్నం ఉంచాను. మర్నాడు దాన్నే తాలింపు వేసి నేను తిన్నాను. ఆకలి మాత్రం పోలేదు ఆ రోజుల్లో. దశమి పూట హారతి ఇచ్చి కత్తి తీసి ఉల్లిపాయలు తరిగాను. పెద్ద మామా పిస్తోలును నాకు ఇవ్వలేదు, నేను అడగలేదు. తర్వాత ఆమె తమ్ముడి కొడుకు వచ్చి ఆమెను మిర్కాబ్‌లో తన ఇంటికి తీసుకుపోయాడు. పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టింది. గోళ్ల అంచుల్లో ఆ ఎరుపు ఇంకా ఉంది. పాస్‌పోర్టుకు బదులు ఎంబసీ వాళ్లిచ్చిన తెల్ల కాగితంతో నేను బస్సెక్కాను. జోర్డాన్ గుడారాల్లో, బొంబాయిలో, రైల్లో, కనబడిన ప్రతి తెలుగువాణ్ణీ డ్రైవరన్న గురించి అడిగాను. ఎవరికీ తెలియదు.

యుద్ధం అయిపోయాక ఆయన భార్య మా ఊరు వెతుక్కుంటూ వచ్చింది, తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని. నాకంటే చిన్నది. మా ఇంటి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు కూడా ముట్టకుండా, జరిగిందంతా చెప్పించుకుంది. ఎలాంటి చొక్కా వేసుకున్నాడు, ఏమన్నాడు, కారు ఎటు తిరిగింది. అన్నీ చెప్పాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, ఆమెకు రాలేదు, నాకూ రాలేదు. చివరికి నా మొహంలోకి చూసి, చాలా మెల్లగా అడిగింది.

"ఏమీ అనుకోకండి అక్కా. ఆళ్లని ఆపడానికి మీ దగ్గర ఏవీ లేకపోయిందాండీ?"

"ఉండింది తల్లీ" అన్నాను. "మంచిదే ఉండింది. మీ ఆయనే తెచ్చినాడు. ఆ పొద్దు పూజలో పెట్టింటిమి."